నాలుగంగుళాల దూరం

వెంకటనర్సయ్య సినిమాల్లో ఎన్నిసార్లు చచ్చాడో ఎవరూ లెక్కపెట్టలేదు. గొడ్డలి దెబ్బకు చచ్చాడు, బాంబు పేలి చచ్చాడు, రైలు మీది నుంచి పడి చచ్చాడు. ఒకే సినిమాలో గడ్డం పెట్టుకుని ఒకసారి, గడ్డం తీసేసి ఇంకోసారి చచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఫైటర్‌గా ఇరవై ఏళ్లు పనిచేస్తే, తెర మీద అతన్ని గుర్తుపట్టి పేరు చెప్పగలిగినవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు అతని భార్య అమ్మాజీ. రెండోవాడు హనుమంతు. పరిగి దగ్గర అతని ఊరివాడే, అతను చేయి పట్టుకుని ఈ పనిలోకి తెచ్చినవాడు.

ఆ పనిలో మొదటి పాఠం కొట్టడం కాదు, కొట్టకుండా ఉండడం. పిడికిలి ఎంత జోరుగా వెళ్లినా ఎదుటివాడి ముఖానికి నాలుగంగుళాల దూరంలో ఆగిపోవాలి. కెమెరాకు అది తగిలినట్టే కనిపిస్తుంది. దెబ్బ తినేవాడి పని ఇంకా కష్టం. వాడు చేతులు అడ్డం పెట్టకూడదు, కళ్లు మూయకూడదు. ఒకటి, రెండు, మూడు అని లెక్క అయ్యేదాకా ముఖం ఎదురుగా పెట్టి, మూడు దగ్గర మెడ విదిలించి పడాలి. దాన్ని వాళ్లు ముఖం ఇవ్వడం అనేవాళ్లు. ముఖం ఇచ్చినవాణ్ణి నిజంగా కొట్టినవాడితో కలిసి కూర్చుని ఎవరూ అన్నం తినరు. కొత్తలో ఒకసారి హనుమంతు చేయి ఆపలేక ఎవడిదో పెదవి చిట్లగొట్టాడు. వెంకటనర్సయ్య అతన్ని మూడు నెలలు సెట్‌లో అడుగు పెట్టనివ్వలేదు. రోజూ పొద్దున్నే తన ముఖమే ఎదురుపెట్టి, "కొట్టు, ఆపు" అంటూ నేర్పాడు. ఆ మూడు నెలలూ వెంకటనర్సయ్య ముక్కు వాచే ఉండేది.

2001లో ఒక సెట్‌లో రెండో అంతస్తు నుంచి పడే సీను. కింద అట్టపెట్టెలు పేర్చి వాటి మీద పరుపులు వేశారు. కెమెరాకు అడ్డం వస్తున్నాయని ఎవడో ఆ పెట్టెల్ని రెండడుగులు పక్కకు జరిపాడు. జరిపినవాడు పైనున్నవాడికి చెప్పలేదు. వెంకటనర్సయ్య తుంటి ఎముక విరిగింది. పడిన తీరు మాత్రం బ్రహ్మాండంగా ఉందని డైరెక్టరు ఆ షాటునే సినిమాలో ఉంచుకున్నాడు. హాల్లో జనం ఈలలు వేశారట. ఇతను ఎముకలో ఇనుప పట్టీ వేయించుకుని మంచం మీద ఉన్నాడు.

అప్పటికే మాదాపూర్ వైపు కొండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్నారు. ఊరి మీదికి సాఫ్ట్‌వేర్ పిల్లలు వేలకు వేలు దిగారు. వెంకటనర్సయ్య దంపతులు పదేళ్లుగా కిరాయికుంటున్న రెండు గదుల్ని ఇంటివాడు కూల్చి, ఆ చోట హాస్టలు కట్టాలనుకున్నాడు. ఎక్కడికి పోవాలో తెలియని ఆ వారంలోనే ఒక సినిమా కంపెనీవాళ్లు పాత కారవాన్ ఒకటి తుక్కుకు పంపుతుంటే వెంకటనర్సయ్య అడిగి తెచ్చుకున్నాడు. కారవాన్ అంటే హీరోయిన్లు మేకప్ వేసుకునే బండి. ఆరు చక్రాల పాత మినీబస్సు, లోపల ఒక మంచం, ఒక స్నానాల గది, చుట్టూ బల్బులున్న పెద్ద అద్దం.

తెలిసినవాళ్లందరూ నవ్వారు. అమ్మాజీ నవ్వలేదు. ఆమెది ఉప్పాడ. ఆమె చిన్నతనంలో సముద్రం వాళ్ల ఇంటిని మూడుసార్లు కూల్చింది. అల వచ్చి గోడ పడగొడితే నాన్న నాలుగు గజాలు వెనక్కి జరిగి మళ్లీ కట్టేవాడు. మూడోసారి గోడ కిందే ఆమె నాయనమ్మ పోయింది. పెరిగి హైదరాబాదు వచ్చి, షూటింగుల్లో జూనియర్ ఆర్టిస్టులకు జడలు వేసే పనిలో స్థిరపడినా, ఆ గోడ పడిన చప్పుడు ఆమె మరిచిపోలేదు.

బండిని చుట్టూ తిరిగి చూసి, "వెనక్కి జరిగే ఇల్లండీ ఇది. ఇలాంటిదే ఉంటే మా నాయనమ్మ బతికుండేది" అంది.

ఫిల్మ్‌నగర్ కొండ మీద, బండల మధ్య, ఒక ఖాళీ జాగా ఉండేది. దాని యజమాని శకుంతలమ్మ. పాతకాలం సినిమాల్లో తల్లి వేషాలు వేసిన మనిషి. తెర మీద ఎంతమంది కొడుకుల్ని పెంచిందో కానీ సొంతానికి పిల్లలు లేరు. అమ్మాజీ ఆమెకు జడలు వేసిన చనువుతో అడిగితే, "నేనున్నంత కాలం ఉండండి" అంది. అలా ఐదేళ్లు ఉన్నారు.

ఆ ఐదేళ్లలో బండికి వెంకటనర్సయ్య చేయని వైద్యం లేదు. కప్పు కారితే తారు పూసి రేకు పరిచాడు. కాళ్ల కింద పుచ్చిపోయిన చెక్కలు పీకి కొత్తవి దిగ్గొట్టాడు. చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలు విరిగితే తనే మార్చుకున్నాడు. ఒకసారి జాకీ జారి బండి ఒరిగితే ఎడమచేతి చిటికెన వేలు సగం తెగిపోయింది. తెగిన వేలికి గుడ్డ చుట్టుకుని మిగిలిన బోల్టు బిగించి, ఆ తరువాతే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఏటా వానలు మొదలవకముందు ఇద్దరూ ఆ బండిలోనే ఉప్పాడ వెళ్లేవాళ్లు. ముప్ఫై కిలోమీటర్లకొకసారి రేడియేటరు ఉడికిపోయేది. దారిలోని బోరింగులన్నీ అమ్మాజీకి తెలుసు. ఒడ్డున బండి ఆపుకుని, చేపలు వేయించుకుని, సముద్రం ఆ ఏడు ఎన్ని ఇళ్లు తిన్నదో చూసి వచ్చేవాళ్లు. తన ఇంటికి చక్రాలున్నాయన్న ధైర్యంతో అమ్మాజీ అలల దగ్గరగా కూర్చునేది.

2006లో శకుంతలమ్మ పోయింది. అంతవరకు కనపడని వారసులు నలుగురు దిగి, పదకొండో రోజు దాటకముందే జాగా అమ్మేశారు. అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు కడతారట. కొన్నవాళ్ల తరఫున పృథ్వీరాజ్ అనే మేనేజరు వచ్చాడు. నల్లకళ్లద్దాలు, చేతిలో రెండు ఫోన్లు. అప్పటికి ఇంజను హెడ్ విప్పి గోనెసంచి మీద ఉంది, వెనక చక్రాల బ్రేకులు ఊడదీసి ఉన్నాయి. వెంకటనర్సయ్య పది రోజులు గడువడిగాడు. పృథ్వీరాజ్ సరేనన్నాడు.

వెంకటనర్సయ్య ఆ పది రోజుల్నీ నమ్ముకున్నాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా బండి కిందే ఉన్నాడు. హెడ్‌ను ఎర్రగడ్డలో లేతు మీద సాపు చేయించి తెచ్చి బిగించాడు. సెల్ఫ్ మోటారు కాలిపోయి ఉన్నా ఫికరు లేదు, బండి పల్లం వైపే నిలబడి ఉంది, నలుగురు తోస్తే ఇంజను అందుకుంటుంది. ఆరో రోజు పొద్దున బ్రేకుల పని ముగించి, చివరగా ఎడమవైపు వెనక చక్రం ఎక్కించాడు. ఏడు నట్లు బిగించాడు. ఎనిమిదోది చేతిలో ఉంది.

అప్పుడొచ్చింది జేసీబీ. దాని వెనక ఒక కారు, ఒక ఆటో ట్రాలీ. ట్రాలీ నుంచి ఆరుగురు దిగారు. అందరి చేతుల్లోనూ ఇనుప రాడ్లు. పంతులు లెక్కలు మార్చి భూమిపూజ ముహూర్తం ఆ రోజే పదీ నలభైకి పెట్టాడు. కొబ్బరికాయ కొట్టే వేళకు ఆ నేల మీద పాత ఇనుము ఉండకూడదన్నాడు. పూజసామాన్ల బుట్ట కారు డిక్కీలో ఉంది.

"జర ఆగుండ్రి సారూ. ఈ ఒక్క నట్టు బిగిస్తె అయిపాయె. మేమే పోతం" అన్నాడు వెంకటనర్సయ్య, చేతిలోని నట్టు చూపిస్తూ.

పృథ్వీరాజ్ గడియారం చూసుకుని, "గంటన్నర సంది గిదే సోది వినాల్నా? ఎత్తి అవతల పారేయ్‌ రా" అన్నాడు. అతను వచ్చి రెండు నిమిషాలు కూడా కాలేదు.

జేసీబీ తొట్టి పైకి లేచి బండి కప్పు మీద పడింది. కొత్తగా వేసిన రేకు చీరుకుపోయింది. లోపల అద్దం పగిలిన చప్పుడు విని అమ్మాజీ బయటికి వచ్చి తొట్టికి ఎదురుగా నిలబడింది. "ఒక్క నట్టండీ బాబూ" అంది. వాళ్లలో ఒకడు ఆమె జుట్టు పట్టుకుని పక్కకు విసిరేశాడు. బండ అంచు తగిలి నుదురు చీలింది. ఆమె కళ్లలోకి, నోట్లోకి రక్తం కారింది.

వెంకటనర్సయ్య కుంటుతూ పరుగెత్తి ఆ విసిరినవాడి మీద పడ్డాడు. భుజం నుంచి బలమంతా తెచ్చి గుద్దాడు. పిడికిలి వాడి దవడకు నాలుగంగుళాల దూరంలో ఆగింది. మళ్లీ గుద్దాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఇరవై ఏళ్లు కూడేసుకున్న విద్య ఆ పూట అతన్ని నిలువునా ముంచింది. వాడు ఒక క్షణం బిత్తరపోయి, తరువాత పగలబడి నవ్వి, రాడ్డుతో మోకాలి మీద కొట్టాడు. రెండోవాడు వీపు మీద కొట్టాడు. మూడోవాడు పట్టీ వేసిన తుంటి మీదే బూటుకాలితో తన్నాడు. ప్రతి దెబ్బకూ అతను అలవాటుగా గాలిలో తిరిగి, దుమ్ము లేచేలా పడ్డాడు. అంత అందంగా దెబ్బలు తినే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదని, ఆ రోజు అక్కడున్న టీ బండివాడు ఈనాటికీ చెబుతాడు.

రోడ్డుకు అవతల బంగళాలో కొత్తగా ఒక కంప్యూటర్ ఆఫీసు పెట్టారు. మెడలో బిళ్లలు వేలాడుతున్న కుర్రాళ్లు, అమ్మాయిలు టీ కప్పులతో బాల్కనీలోకి వచ్చారు. ఫిల్మ్‌నగర్‌లో కొట్లాట కనిపిస్తే ఎవరైనా ముందు కెమెరా కోసం వెతుకుతారు. వీళ్లూ వెతికారు. కనపడలేదు. దాచిపెట్టి తీస్తున్నారేమో అనుకున్నారు. వెంకటనర్సయ్య మూడోసారి ఎగిరి పడేసరికి చప్పట్లు కొట్టారు. ఒకడు కిందికి వంగి టీ బండివాణ్ణి, "హీరో ఎవరు?" అని అడిగాడు.

ఆ చప్పట్ల మధ్య అమ్మాజీ గొంతు వినిపించింది. ముఖం నిండా రక్తంతో బండకు ఆనుకుని, "ఏమండీ, ఒక్కసారైనా నిజంగా కొట్టండి. మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్కసారి" అంది.

పదహారేళ్ల కాపురంలో ఆమె అతన్ని ఏదీ అడగలేదు. ఆ మాట వెంకటనర్సయ్య ఒళ్లంతా పాకింది. నేల మీద పడి ఉన్న చేతిలో ఇంకా ఆ ఎనిమిదో నట్టు ఉంది. దాన్ని వేళ్ల మధ్య ఇరికించుకుని పిడికిలి బిగించి లేచాడు.

అంతవరకు ట్రాలీ చాటున నిలబడినవాడొకడు ముందుకు వచ్చాడు. హనుమంతు. షూటింగులు ఆగిపోయి, ఒక్కపూట పని ఉందంటే ఎక్కడికో, ఎవరి మీదికో అడగకుండా ట్రాలీ ఎక్కి వచ్చాడు. బండిని చూశాకే తెలిసింది. తెలిశాక పారిపోవడానికి సిగ్గు, ఎదురు తిరగడానికి భయం. చివరికి అతనికి తెలిసిన ఒకే ఒక్క ఉపాయం తోచింది.

"నాకిడువుండ్రి, నేను చూస్కుంట" అని మిగిలినవాళ్లను తోసి వెంకటనర్సయ్య కాలరు పట్టుకున్నాడు. దగ్గరికి లాక్కుని చెవిలో, "అన్నా, నేనే. నువ్వు నాకొకటి ఇయ్యి, మూడుకు నేను పడ్త. లేచి నేను నీకొకటిస్త, నువ్వు పడిపో, మళ్ల లేవకు. సచ్చినోని లెక్క పండు. గప్పుడు వీళ్లు నిన్ను ముట్టరు" అన్నాడు.

కాలరు వదిలి రెండడుగులు వెనక్కి వేశాడు. రాడ్డు పారేశాడు. చేతులు కిందికి దించి, కళ్లు తెరిచి, ముఖం ఇచ్చాడు.

"ఒకటి" అన్నాడు పెదవులు కదలకుండా. "రెండు. మూడు."

వెంకటనర్సయ్య కొట్టాడు.

డబ్బింగులో వేసే చప్పుడు వేరు. ఇది చిన్నగా, తడిగా వచ్చింది. పిడికిలిలోని ఇనుము హనుమంతు ఎడమ కంట్లో దిగింది. హనుమంతు లెక్క ప్రకారం తిరగలేదు, ఎగరలేదు. నిలుచున్న చోటే కూలబడి రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తమూ, రక్తం కానిదీ కలిసి జారింది. అతను అరవలేదు. "అన్నా, ఆపలేదేంది" అని మాత్రం అన్నాడు.

బాల్కనీలో ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. తరువాత ఎవరో అమ్మాయి కెవ్వుమంది. చప్పట్లు ఆగిపోయాయి.

పృథ్వీరాజ్ డిక్కీలో పూజబుట్టతో సహా కారెక్కి వెళ్లిపోయాడు. జేసీబీవాడు తొట్టిని బండి మీది నుంచి పక్కకు తిప్పి, ఇంజను ఆపి దిగి నడుచుకుంటూ పోయాడు. మిగిలిన ఐదుగురి చేతుల్లో రాడ్లు ఏమయ్యాయో తెలియదు. వాళ్లే హనుమంతును ఎత్తి కారవాన్‌లో హీరోయిన్ల మంచం మీద పడుకోబెట్టారు. వాళ్లూ, బాల్కనీ దిగి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లూ కలిసి బండిని తోశారు. పల్లంలో సగం దూరం వెళ్లాక ఇంజను అందుకుంది. ఏడు నట్ల చక్రంతో, చిరిగిన కప్పుతో, బండి కంటి ఆస్పత్రికి పోయింది. అమ్మాజీ తన నుదుటికి అడ్డుపెట్టుకున్న కొంగునే చింపి హనుమంతు కంటికి కట్టింది.

కన్ను దక్కలేదు. పోలీసు వచ్చి అడిగితే హనుమంతు, "ఫైట్ ప్రాక్టీసుల తగిలింది సార్. తప్పు నాదే, లెక్క తప్పిన" అన్నాడు. పోలీసు వెంకటనర్సయ్య వైపు చూశాడు. వెంకటనర్సయ్య ఆ రోజు తన నోట్లో నాలుక ఉందో లేదో తెలియనట్టు నిలబడ్డాడు. అందుకు తరువాత తనను తాను తిట్టుకోని పూట లేదు.

కారవాన్ మళ్లీ ఆ కొండ ఎక్కలేదు. ఆస్పత్రి నుంచి నేరుగా ఉప్పాడ వచ్చి ఒడ్డున ఆగింది. వెంకటనర్సయ్య బస్సులకు, పడవ ఇంజన్లకు మరమ్మతులు చేస్తాడు. ఒంటికన్ను ఫైటర్‌ను ఏ సినిమావాళ్లూ పిలవరు కనుక హనుమంతు కూడా వాళ్లతోనే వచ్చాడు. బండి కప్పు కింద ముగ్గురూ తింటారు, పడుకుంటారు. అమ్మాజీ నుదుటి మీది కుట్లు మానాయి. హనుమంతు మాత్రం గ్లాసులో టీ పోస్తే గ్లాసు పక్కన పడుతుంది. ఒక కన్నుతో వస్తువు కనిపిస్తుంది కానీ, ఎంత దూరంలో ఉందో తెలియదు.

ఆ రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడు నెలలు గడిచాక ఒక తెల్లవారుజామున, ఆటుకు సముద్రం వెనక్కి పోయి ఇసుక తడిగా, గట్టిగా ఉన్నప్పుడు, హనుమంతు వెంకటనర్సయ్య దగ్గరికి వచ్చాడు.

"అన్నా, చెయ్యి ఆపుడు నాకు మళ్ల నేర్పు. దూరం నేర్చుకుంటె ఏడనో ఒకకాడ పని ఇయ్యకపోతరా" అన్నాడు.

వెంకటనర్సయ్య చేతిలోని స్పానరు కింద పెట్టాడు. ఇద్దరూ తడి ఇసుక మీద ఎదురెదురుగా నిలబడ్డారు. హనుమంతు పిడికిలి బిగించి, అంతలోనే దించేశాడు.

"ఒక్క మాట అడగాలె. ఆనాడు నేను చెవుల చెప్పింది నీకు ఇనపడలే కదా? గాళ్ల లొల్లిల ఇనపడి ఉండదు. నేను గట్లనే అనుకుంటున్న."

అవునంటే చాలు. హనుమంతు ఆ మాట కోసం మూడు నెలలుగా కాచుకుని ఉన్నాడని వెంకటనర్సయ్యకు తెలుసు. బండి గుమ్మంలో అమ్మాజీ బియ్యం ఏరడం ఆపేసింది.

"ఇన్న" అన్నాడు వెంకటనర్సయ్య. "నువ్వని తెల్సు. మూడు అన్నది గూడ ఇన్న. ఆపొచ్చు. ఆపలే. ఎవన్నో ఒకన్ని కొట్టాలనిపించింది. నువ్వు ముఖమిచ్చినవ్."

ఒక పడవ అలలు దాటి లోపలికి పోయింది. హనుమంతు తిరిగి పిడికిలి ఎత్తాడు.

"ముఖమియ్యి" అన్నాడు.

వెంకటనర్సయ్య చేతులు దించాడు. కళ్లు తెరిచే ఉంచాడు.

"ఒకటి. రెండు. మూడు."

దెబ్బ నేరుగా ముక్కు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అమ్మాజీకి గుమ్మం దాకా వినిపించింది. ఆమె లేచి నిలబడింది కానీ అడుగు వేయలేదు. వెంకటనర్సయ్య ఇసుకలో వెల్లకిలా పడ్డాడు. దూరం తెలియక తగిలిందో, తెలిసే తగిలిందో హనుమంతు చెప్పలేదు. వెంకటనర్సయ్య అడగలేదు. మోచేతుల మీద లేచి, నోట్లోకి కారుతున్న రక్తం ఉమ్మి, ముందు నిలబడ్డ చోటే మళ్లీ నిలబడ్డాడు.

"మళ్ల" అని చేతులు కిందికి దించాడు.